దయగల సామ్రాజ్యం అనేది లేదు

అమెరికా సామ్రాజ్యవాద దేశం కాదన్న మాట తెలుగునాట చదువుకున్నవాళ్ళ మధ్య స్థిరపడిపోయింది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి టీ బంకులో, పోటీ పరీక్షల కోచింగ్ తరగతిలో, డల్లాస్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లల కబుర్లలో అదే వినిపిస్తోంది. ఎదురు చెప్పినవాణ్ణి పాతకాలం మనిషి కింద జమకట్టేస్తున్నారు.

ముందు ఆ వాదాన్ని దాని పూర్తి బలంతోనే చెప్పుకుందాం. బ్రిటన్, ఫ్రాన్స్, స్పెయిన్ పనిగట్టుకుని వలసలు పట్టి ఏలాయి. అమెరికా సంగతి వేరు. అది తానే రాజును ధిక్కరించి పుట్టిన దేశం. 1898లో స్పెయిన్ మీద యుద్ధానికి దిగిందంటే పక్కనున్న క్యూబా ప్రజల కడగండ్లు చూడలేకే. ఆ యుద్ధంలో ఫిలిప్పీన్స్ అనుకోకుండా చేతిలో పడింది. పడ్డాక ఊరికే కూర్చోలేదు: బడులు పెట్టింది, రోడ్లు వేసింది, మశూచికి టీకాలు వేసింది, 1907లోనే ఎన్నికలు జరిపించి శాసనసభ ఏర్పాటు చేసింది, 1946లో స్వాతంత్ర్యం ఇచ్చి తప్పుకుంది. మనకూ కరువు రోజుల్లో గోధుమలు పంపింది. మన పిల్లలకు చదువూ కొలువూ ఇచ్చింది. పొరపాట్లు జరిగి ఉండవచ్చు గానీ వాటిని సామ్రాజ్యవాదం అనడం ఎర్రజెండావాళ్ళ పడికట్టు మాట.

ఇందులో బడులు నిజం, టీకాలు నిజం, ఎన్నికలు నిజం, గోధుమలూ నిజం. వాటిని కాదనాల్సిన పని నాకు లేదు. వాటి మీద కట్టిన తీర్పు మాత్రం నిలవదు. అందులోనూ ఈ తీర్పు అనంతపురంలో చెల్లుబాటు కావడం మరీ విడ్డూరం. ఒక దొర ఇంకో దొరకు కాగితం మీద రాసిచ్చేసిన నేల మనది. ఆ అనుభవం ఉన్నవాళ్ళు ఈ వాదాన్ని ఒక్కో ముక్కా విప్పి చూడాలి.

1. అనుకోకుండా జరిగిందన్న కథ

అనుకోకుండా జరిగే పనికి ముందస్తు ఏర్పాట్లు ఉండవు. అమెరికా చేసుకున్న ఏర్పాట్లు అర్ధ శతాబ్దం పొడవునా కనిపిస్తాయి. 1853లో కమోడోర్ పెర్రీ యుద్ధనౌకలతో జపాన్ తీరానికి వెళ్ళి తలుపులు తెరవమన్నాడు. 1856లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసింది: పక్షి రెట్ట మేటలు వేసిన దీవి ఏదైనా, మరో ప్రభుత్వం చేతిలో లేకపోతే, దాన్ని కనిపెట్టిన అమెరికన్ పౌరుడు తన దేశం పేరిట పట్టుకోవచ్చు. సారం ఉడిగిన పొలాలకు ఆ రెట్టే ఎరువు. పసిఫిక్‌లో బేకర్, జార్విస్, హౌలాండ్ దీవులు అలా వచ్చినవే. హైతీ తనదని చెబుతున్న నవాసా దీవినీ అలాగే పట్టారు. పెంట కోసం మొదలైన ఈ పట్టు తర్వాత బొగ్గు నింపుకునే రేవుల కోసం సాగింది: 1867లో మిడ్‌వే, 1887లో హవాయి పెర్ల్ హార్బర్ మీద ప్రత్యేక హక్కు. 1890లో నౌకాదళ అధికారి మహన్ సముద్రబలం మీద పుస్తకం రాసి ఈ ఆచరణకు సిద్ధాంతం కూడా సమకూర్చాడు.

1893 జనవరిలో హవాయి రాణి లిలియువొకలానీని చెరకు తోటల యజమానుల వర్గం గద్దె దించింది. ఆ సమయానికి అమెరికా నౌక బోస్టన్ నుంచి సైనికులు తీరంలో దిగి ఉన్నారు. దించినవాళ్ళ వెనక అమెరికా రాయబారి ఉన్నాడు. 1897లో ఇరవై వేలకు పైగా హవాయి ప్రజలు మమ్మల్ని కలుపుకోవద్దని అర్జీ మీద సంతకాలు చేశారు. మరుసటి ఏడాది జులైలో కలిపేసుకున్నారు.

ఇక 1898 యుద్ధం. క్యూబాను విడిపించాలంటే పోరు క్యూబాలో జరగాలి. మే 1న తొలి పెద్ద నౌకాయుద్ధం జరిగింది మాత్రం భూగోళానికి అవతలి వైపున, మనీలా అఖాతంలో. యుద్ధ ప్రకటనకు రెండు నెలల ముందే, ఫిబ్రవరి 25న, నౌకాదళ ఉపమంత్రి థియొడోర్ రూజ్‌వెల్ట్ ఫిలిప్పీన్స్ మీద దాడికి సిద్ధంగా ఉండమని ఆసియా నౌకాదళ కమాండర్ డ్యూయీకి తంతి పంపాడు. తంతి పంపి తెచ్చుకున్నదాన్ని అనుకోకుండా పడిందని ఎవరంటారు? చైనా బజారుకు దారి కావాలి, దారిలో రేవు కావాలి. ఆ లెక్క ముందు, క్యూబా మీద జాలి వెనక.

2. ఇచ్చిందెవరు, పుచ్చుకుందెవరు

1898 జూన్ 12న ఫిలిప్పీన్స్ నాయకుడు ఎమిలియో అగ్వినాల్డో స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఆగస్టుకల్లా మనీలా కోటను ఫిలిప్పీన్ సైన్యమే చుట్టుముట్టి ఉంది. అప్పుడు స్పానిష్ అధికారులూ అమెరికన్ అధికారులూ లోపాయికారీగా మాట్లాడుకుని ఆగస్టు 13న ఒక ఉత్తుత్తి యుద్ధం ఆడారు. కోట అమెరికన్ల చేతికి వచ్చింది, ఫిలిప్పీన్ సైనికులను లోపలికి రానివ్వలేదు. డిసెంబర్ 10న పారిస్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రెండు కోట్ల డాలర్లు తీసుకుని స్పెయిన్ ఆ దీవులను అమెరికాకు ఇచ్చేసింది. ఫిలిప్పీన్స్ దూత ఫెలీపె అగొన్సియోకు ఆ గదిలో కుర్చీ లేదు. తన పట్టులో లేనిదాన్ని స్పెయిన్ అమ్మింది, అది తెలిసీ అమెరికా కొన్నది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే.

ఈ వ్యవహారం మనకు కొత్తదా? టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధాల తర్వాత, 1792లోనూ 1799లోనూ, ఈ సీమను నిజాం తన వాటా కింద పుచ్చుకున్నాడు. 1800 అక్టోబర్ 12న కుదిరిన ఒప్పందంతో, తన రక్షణకు ఉంచిన సైన్యం ఖర్చు కింద, ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప సీమల రైతును ఎవరూ అడగలేదు. ఒప్పుకోని పాళెగాళ్ళను, ఎనభై మంది దాకా, కంపెనీ దారికి తెచ్చుకుంది. ఈ చరిత్రను మనం కన్నెర్రతో చదువుతాం. అచ్చం ఇదే పని పారిస్‌లో జరిగితే విముక్తి అంటున్నాం. వందేళ్ళ ఎడం, కంపెనీ బదులు గణతంత్రం. ఇంతకు మించి తేడా ఉంటే చూపించాలి.

3. విముక్తి చేసిన పని

క్యూబాలో స్పానిష్ జనరల్ వైలర్ పల్లె జనాన్ని ఊళ్ళు ఖాళీ చేయించి సైన్యం కాపలా ఉన్న చోట్లకు తోలాడు. తిండిలేక, రోగాలొచ్చి జనం చచ్చారు. అమెరికన్ పత్రికలు ఆ దారుణాన్నే చూపి యుద్ధం కావాలన్నాయి. యుద్ధం మొదలై నాలుగేళ్ళు తిరక్కుండానే, 1901 చివర్లో, ఫిలిప్పీన్స్‌లోని బతాంగాస్‌లో అమెరికన్ జనరల్ ఫ్రాంక్లిన్ బెల్ అదే పద్ధతి పాటించాడు. ఏ నేరం చూపి స్పెయిన్‌ను శిక్షించారో ఆ నేరాన్నే తాము చేశారు. విముక్తి వాదం దీనికి జవాబు చెప్పదు, చెప్పలేదు.

సమార్ దీవిలో జనరల్ జేకబ్ స్మిత్ పదేళ్ళు దాటినవాళ్ళెవరినీ వదలవద్దన్నాడు. ఆ మాటకు సైనిక న్యాయస్థానం ముందు నిలబడ్డాడు. పడిన శిక్ష మందలింపు, ఆ తర్వాత పదవీ విరమణ. ఖైదీల నోట బలవంతంగా నీళ్ళు పోసి కడుపు ఉబ్బించే చిత్రహింస 1902లో అమెరికన్ సెనేట్ విచారణలోనే బయటపడింది. ఈ యుద్ధంలో 4,200 మందికి పైగా అమెరికన్లు, 20,000 మందికి పైగా ఫిలిప్పీన్ సైనికులు పోయారని, హింసతో, కరువుతో, రోగాలతో రెండు లక్షల మంది దాకా సామాన్య జనం చనిపోయి ఉంటారని అమెరికా విదేశాంగ శాఖ చరిత్రకారులే రాసుకున్నారు. కమ్యూనిస్టు కరపత్రం లెక్క కాదిది.

మరి క్యూబా? దాన్ని కలుపుకోబోమని 1898లో టెల్లర్ సవరణ మాట ఇచ్చింది. 1901లో ప్లాట్ సవరణ ఆ మాటను తుడిచేయకుండానే పనికిరాకుండా చేసింది: కావలసినప్పుడు జోక్యం చేసుకునే హక్కు అమెరికాది, నౌకాస్థావరాలకు భూమి ఇవ్వాల్సిన బాధ్యత క్యూబాది. సైన్యం వెళ్ళిపోవాలంటే ఇవన్నీ మీ రాజ్యాంగంలో రాసుకోవాల్సిందే అన్నారు. జెండా క్యూబాది, పగ్గం వాషింగ్టన్‌ది.

4. బడులు, రోడ్లు, మంచి దొరలు

ఈ వాదానికి ఆయువుపట్టు ఇదే. 1901లో థామస్ అనే ఓడలో ఐదు వందల మందికి పైగా అమెరికన్ ఉపాధ్యాయులు మనీలా చేరారు. వాళ్ళలో మంచివాళ్ళు తప్పక ఉండి ఉంటారు. ఉంటే ఏమిటి?

మంచి దొర కథ మనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నిజాం కంపెనీకి రాసిచ్చిన ఈ దత్తమండలాల తొలి ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి పనిచేశాడు. ఊరూరా తిరిగాడు, రైతుతో నేరుగా మాట్లాడాడు. 1827లో గవర్నర్ హోదాలో పర్యటిస్తూ పత్తికొండ దగ్గర కలరాతో పోతే గుత్తిలో సమాధి చేశారు, తర్వాత మద్రాసుకు తరలించారు. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మంత్రాలయం స్వామి ఆయనకు కనిపించాడని నేటికీ చెప్పుకుంటారు. అంతటి మన్రో 1807లో శిస్తు భారం ఎక్కువగా ఉంది, పావు వంతు తగ్గించాలని రాస్తే పైవాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. దొర మంచితనం దొర దగ్గరే ఆగిపోయింది, రైతు పొలం గట్టు దాకా రాలేదు.

రోడ్లూ రైళ్ళ మాట కూడా చూద్దాం. 1871కల్లా మద్రాసు–బొంబాయి రైలు మార్గం గుత్తి మీదుగా పూర్తయింది. ఐదేళ్ళకే ధాత కరువు వచ్చింది. రైలు ఉండగానే జనం ఆకలితో రాలిపోయారు. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు పౌను గింజలు, ఒక అణా చాలునని కరువు పర్యవేక్షణకు ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. అదే కాలంలో దేశం నుంచి గోధుమల ఎగుమతి ఆగలేదు. రైలు ఉండటం కాదు, అది ఎవరి అవసరానికి నడిచిందన్నది ప్రశ్న. దీన్ని బ్రిటిష్‌వాళ్ళకు వేసి అమెరికన్లకు వేయకపోతే అది న్యాయం కాదు, మొగమాటం.

ఇంకో మాట. విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్ మనిషి. 1969లో అనంతపురం వచ్చి 2009లో కన్నుమూసేదాకా ఈ జిల్లా పేదల మధ్యే బతికాడు. ఆయన్ను చూపి, ఫిలిప్పీన్స్‌లో స్పెయిన్ మూడు వందల ఏళ్ళ పాలన మంచిదని మనలో ఎవరైనా అంటారా? మనిషి సేవకు మొక్కుతాం. ఆ మొక్కు రాజ్యానికి చెందదు. ఫెర్రర్ విషయంలో సులువుగా అర్థమైన ఈ తేడా అమెరికన్ ఉపాధ్యాయుల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మాయమవుతోంది?

5. వదిలి వెళ్ళిందన్న మాట

ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం ఇస్తామని 1934లో చట్టం చేశారు. అందుకోసం గట్టిగా పట్టుబట్టినవాళ్ళలో అమెరికా చక్కెర, పాడి వ్యాపారవర్గాలున్నాయి: సుంకం లేకుండా వస్తున్న ఫిలిప్పీన్ చక్కెర, కొబ్బరినూనె వాళ్ళ బేరాన్ని దెబ్బతీస్తున్నాయి. అదే చట్టం ఫిలిప్పీన్ వలసను ఏడాదికి 50 మందికి కుదించింది. పాలిస్తున్నప్పుడు మీరు మావాళ్ళన్నారు, వదలబోయే ముందు గడప దాటొద్దన్నారు.

1946లో జెండా దిగింది. ఆ ఏడాదే వచ్చిన బెల్ వాణిజ్య చట్టం ఫిలిప్పీన్ గనుల్లో, అడవుల్లో అమెరికన్లకు స్థానికులతో సమాన హక్కులు రాయించుకుంది, పెసో విలువను డాలర్‌కు కట్టేసింది. యుద్ధంలో నేలమట్టమైన దేశానికి పునర్నిర్మాణ సాయం పూర్తిగా అందాలంటే ఇది ఒప్పుకోవాలి. 1947లో సైనిక స్థావరాలకు 99 ఏళ్ళ ఒప్పందం కుదిరింది. గడువు తర్వాత తగ్గినా సుబిక్ స్థావరం ఖాళీ అయ్యేసరికి 1992 వచ్చింది.

మిగిలినవి అసలు వదల్లేదు. ప్యూర్టోరికో, గ్వామ్ 1898 నుంచి వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. 1901లో డౌన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, ప్యూర్టోరికో అమెరికాకు చెందుతుంది గానీ అమెరికాలో భాగం కాదు. ఆస్తికి వర్తించే మాటను మనుషులకు వర్తింపజేశారు. అక్కడ నివసించే పౌరుడికి నేటికీ అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. వాషింగ్టన్‌లో వాళ్ళ ప్రతినిధికి చట్టం మీద ఓటు లేదు.

6. మనకు చేసిన మేలు

అమెరికా వలసపాలనకు వ్యతిరేకి, మన స్వాతంత్ర్యానికి మిత్రుడు అంటారు. 1913లో శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా మన స్వాతంత్ర్యం కోసం గదర్ పార్టీ పనిచేసింది. మన తెలుగువాడు దరిశి చెంచయ్య అందులో చేరినవాడే. 1917–18లో ఆ గదర్ వీరులను అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో కోర్టుకీడ్చి శిక్షించింది అమెరికా ప్రభుత్వమే. 1917 వలస చట్టం భారతీయులకు తలుపులు మూసింది. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో, భారతీయుడు తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వానికి తగడని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తలుపు బాగా తెరుచుకున్నది 1965 చట్టంతో, అదీ చదువున్నవాళ్ళు వాళ్ళకు కావలసివచ్చాక. మన పిల్లలు అక్కడ పనిచేసి జీతం తీసుకుంటున్నారు, పన్ను కడుతున్నారు. జీతం బాకీ కాదు, చరిత్రను మాఫీ చేసి తీర్చాల్సిన పని లేదు.

గోధుమల సంగతి. 1950ల తొలి ఏళ్ళలో రాయలసీమ వరస కరువులతో గంజి కేంద్రాల ముందు నిలబడింది. 1950 డిసెంబర్‌లో భారత్ ఇరవై లక్షల టన్నుల ధాన్యం అడిగితే వాషింగ్టన్‌లో చర్చ ఆరు నెలలు సాగింది. కొరియా యుద్ధంలో నెహ్రూ మాతో నిలబడలేదేమని నిలదీశారు, మోనజైట్, మాంగనీస్ ఇస్తారా అని బేరమాడారు. చివరికి వచ్చింది దానం కాదు, 19 కోట్ల డాలర్ల అప్పు. తర్వాతి పీఎల్–480 ఆహార సాయ పథకం 1954లో పుట్టింది అమెరికన్ రైతు దగ్గర పేరుకుపోయిన ధాన్యం వదిలించుకోవడానికి. 1965–66 కరువులో అధ్యక్షుడు జాన్సన్ ధాన్యం ఓడలను నెలవారీగా తొక్కిపెట్టి, మన వ్యవసాయ విధానాన్నీ వియత్నాం మీద మన నోటినీ అదుపు చేయాలని చూశాడు.

గోధుమలు కడుపు నింపాయి, సందేహం లేదు. తిన్నవాళ్ళు కృతజ్ఞత చూపడంలో తప్పూ లేదు. కానీ ఆకలి ఉన్నచోట గింజ చేతిలో ఉన్నవాడికి రాజ్యాధికారం లాంటిదే వస్తుంది. అక్కడ సైన్యం దింపాల్సిన పని ఉండదు. కరువు తప్ప వేరే పంట నమ్మకంగా పండని జిల్లావాళ్ళకు ఇది ఇంకొకరు చెప్పాలా?

7. ఎర్రజెండావాళ్ళ మాటేనా

ఈ జిల్లా తరిమెల ఊరివాడు కమ్యూనిస్టు నాయకుడు నాగిరెడ్డి. కుట్ర కేసులో కోర్టు ముందు పెట్టిన వాంగ్మూలమే ‘తాకట్టులో భారతదేశం’ పుస్తకమైంది. విదేశీ పెట్టుబడి, విదేశీ సాయం దేశాన్ని ఎలా కట్టేశాయో అందులో రాశాడు. ఆయన రాజకీయాలు నచ్చనివాళ్ళు ఉంటారు, ఉండవచ్చు. చెప్పినవాడి జెండా రంగు చూసి చెప్పిన సంగతిని తోసేయడం మాత్రం వాదం అనిపించుకోదు.

సరే, నాగిరెడ్డిని పక్కన పెట్టండి. 1898లో బోస్టన్‌లో పుట్టిన సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘంలో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఉన్నాడు, మాజీ అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ ఉన్నాడు, తత్వవేత్త విలియం జేమ్స్ ఉన్నాడు, రచయిత మార్క్ ట్వైన్ ఉన్నాడు. వీళ్ళలో ఎర్రజెండా పట్టినవాడెవరు? పారిస్ ఒప్పందం 1899 ఫిబ్రవరిలో సెనేట్‌లో 57–27 ఓట్లతో గట్టెక్కింది, కావలసిన మూడింట రెండు వంతులకు ఒక్క ఓటు మాత్రమే ఎక్కువ. అదే నెలలో రడ్యార్డ్ కిప్లింగ్ ‘తెల్లవాడి భారం’ పద్యం అచ్చువేయించి, ఆ భారం మోయమని అమెరికాను పిలిచాడు. చేస్తున్నది సామ్రాజ్యమేనని మెచ్చుకున్నవాళ్ళకూ తెలుసు, తిట్టినవాళ్ళకూ తెలుసు. నేటి కొలతతో నాటివాళ్ళను తూచుతున్నామన్న అభ్యంతరం ఇక్కడ చెల్లదు. నాటివాళ్ళు తమ కొలతతోనే తూచారు. కాదంటున్నది నూట పాతికేళ్ళ తర్వాత మనం.

తేలేదేమిటి

ఈ వాదాన్ని ఒప్పుకుంటే పోయేది పాత చరిత్ర ఒక్కటే కాదు. మంచి ఉద్దేశం చెప్పుకుంటే చాలు, పరాయి నేలలో సైన్యం దింపవచ్చన్న సూత్రం మిగులుతుంది. 2003లో ఇరాక్ మీద పడినప్పుడు విన్నది ఆ సూత్రమే. రేపు ఇంకో దేశం, మన దేశమే అయినా సరే, పొరుగువాడి మీద అదే సూత్రం వాడితే అడ్డుచెప్పడానికి మన దగ్గర మాట ఉండదు.

ఒక పాలన సామ్రాజ్యమా కాదా అని తేల్చడానికి పాలించినవాడి మనసు తవ్వనక్కర్లేదు. పాలితులను అడిగారా లేదా, కాదంటే ఏం చేశారు అన్నవి చూస్తే చాలు. హవాయిలో అర్జీని పక్కన పడేశారు. ఫిలిప్పీన్స్‌లో తుపాకీ పెట్టారు. క్యూబా చేత రాజ్యాంగంలోనే రాయించారు. ప్యూర్టోరికోను కోర్టు తీర్పుతో ఆస్తిని చేశారు. ఇది సామ్రాజ్యం. దయగల, అయిష్టమైన, తాత్కాలికమైన అన్న విశేషణాలు ముందు తగిలించినంత మాత్రాన నామవాచకం మారదు. గ్వామ్, ప్యూర్టోరికోలకు ఓటు లేనంతకాలం, ప్లాట్ సవరణ కింద తీసుకున్న గ్వాంటనామో రేవు క్యూబా చేతికి రానంతకాలం ఇది ముగిసిన చరిత్ర కూడా కాదు.